తెట్టు తోసెయ్యకుండా నింపిన సీసా

సాయిలు ఫోన్ చేసే సమయానికి నేను కాలేజీలో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. రామన్నపేట అవతల ఓ పల్లెలో గొర్రెలు మేపుకునే మనిషి. నీళ్లలో పెరిగే నాచుల గురించి నేను రేడియోలో మాట్లాడింది విని, ఎవరినో పట్టుకుని నా నంబరు సంపాదించాడు.

"మేడం, కుంటల నీళ్లు తాగి ఆరు గొర్లు సచ్చినయి. నీళ్లు పరీక్షకు పంపితే మంచిగనే ఉన్నయని కాయితం వచ్చింది. గది నమ్మి మల్ల తాపిన. ఇంక మూడు పోయినయి. ఊళ్లె రోగమంటున్నరు. గొర్ల డాక్టరేమో రోగం కాదంటున్నడు. నేనెవరి మాట వినాలె?"

వాగు ఎండిపోయింది, రేపు మళ్లీ కుంటకే తోలక తప్పదన్నాడు. వద్దని చెప్పి, తెల్లవారి బయలుదేరాను. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే వాళ్ల గొర్రెలను సంతలో ఎవరూ కొనరు.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కాను. రామన్నపేటకు ఆగే రైళ్లు తక్కువ, వేళలు మారుతుంటాయి. వెళ్లాలనుకునేవారు ముందురోజే కనుక్కోవడం మంచిది. నా సామాను ఒక మంచు పెట్టె, ఖాళీ సీసాలు, చేతిసంచిలో పట్టే సూక్ష్మదర్శిని. బీబీనగర్ దాటాక ఎదుటి సీటు పెద్దమనిషి మంచు పెట్టె వైపు చూసి, "ఐస్‌క్రీం గిట్ల అమ్ముతవా బిడ్డా?" అని అడిగాడు. కాదన్నాను. పాపం, ఆయన ముఖం చిన్నబోయింది.

స్టేషన్ బయట ఇడ్లీ తిని, షేర్ ఆటో ఎక్కి ఊరు చేరేసరికి పది దాటింది. సాయిలు నేరుగా కుంట దగ్గరికే తీసుకెళ్లాడు. ఎండాకాలం, బాగా తగ్గిపోయిన నీళ్లు. గాలి ఎటు తోస్తే అటు ఒడ్డున చిక్కగా, పచ్చరంగు పోసినట్టు తెట్టు కట్టి ఉంది. వాసన చూడగానే ఇది నాచు పనేనన్న నా అనుమానం సగం రూఢి అయింది. మరి ఆ కాగితం మంచి నీళ్లని ఎలా చెప్పింది?

"సీసా ఎవరు నింపారు?" అని అడిగాను.

"నేనే బిడ్డా," అంది సాయిలు భార్య లింగమ్మ. "గంత దూరం పట్నపోళ్లకు పంపేటియాయె, మురికి నీళ్లు పంపుతమా? ఒడ్డు కాడ మంచిగ లెవ్వని నడుం లోతు దాక పోయిన. మీది తెట్టంత చేత్తోని అటిటు తోసి, సీసా మూడుమాట్ల కడిగి, తేట నీళ్లు నింపిన."

బిందె ముంచేముందు పైనున్నది తోసెయ్యడం మన ఆడవాళ్ల చేతికి పుట్టుకతో వచ్చిన పని. నారాయణపేటలో మా అవ్వ కూడా అట్లాగే ముంచేది. సీసా ఇచ్చినవాళ్లు ఎలా నింపాలో ఒక్క ముక్క చెప్పలేదు. పంపినది మంచి నీళ్లు, వచ్చిన కాగితం ఆ నీళ్లకు సరైనదే. గొర్రెలు తాగింది మాత్రం ఒడ్డునున్న తెట్టు.

చెట్టు నీడన సూక్ష్మదర్శిని పెట్టి తెట్టు చుక్క ఒకటి చూపించాను. సాయిలు ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "పూసల దండలున్నయి గద!" అన్నాడు. నీలాకుపచ్చ నాచు అదేనని, వాటిలో కొన్ని విషం కక్కుతాయని చెప్పాను. ఇది కక్కుతోందో లేదో ఈ అద్దం చెప్పదు, ల్యాబ్ చెప్పాలి. అంతవరకు ఒక్క గొర్రె కూడా ఇటు రాకూడదు.

లింగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అంటే గా మూడు గొర్లను సంపింది నా చెయ్యేనా?"

"కాదమ్మా. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు," అన్నాను. ఆమె వినలేదు. ఏడ్చింది.

సాయిలు ఇంట్లో అప్పటికే మైలుతుత్తం సంచి ఉంది. చల్లితే నాచు చస్తుందని ఎవరో చెప్పారట. చచ్చే నాచు లోపలి విషమంతా ఒక్కసారే నీళ్లలోకి వదులుతుందని చెప్పి, ఆ సంచి అటకెక్కించేదాకా నేను కదల్లేదు. నీళ్ల సంగతి పక్క చేను దేవదానం తేల్చాడు. ఆయన తండ్రి కాలంలో వాళ్లకు గుంటెడు భూమి లేదు, ఇప్పుడు సొంత బోరు. "పరీక్ష కాయితం వచ్చేదాక నా తొట్టి కాడ తాపుకో సాయిలన్నా. కరెంటున్నప్పుడే రావాలె, జర జల్ది," అన్నాడు.

జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాక మళ్లీ కుంటకు వెళ్లాం. చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని లింగమ్మే సీసా పట్టుకుంది, నన్ను ముట్టనివ్వలేదు. ఒడ్డున వంగింది. అలవాటుగా ఎడమ చెయ్యి తెట్టును తోయబోయి గాలిలోనే ఆగింది. ఆ చేతిని వీపు వెనక్కి పెట్టుకుని, కుడిచేత్తో పచ్చటి తెట్టుతో సహా నింపింది. పక్కనే తేట నీళ్లది ఇంకో సీసా. రెండింటికీ వెలుతురు తగలకుండా కాగితం చుట్టి మంచులో పెట్టాను.

తిరుగు రైలులో పక్క సీట్లోని కూలీ మనిషి నా పెట్టెలో ఏముందని అడిగింది. చెప్పాను. "మా ఊరి కుంట గూడ గిట్లనే పచ్చగుంది. కాగబెట్టి తాపితే?" అంది. కాగబెట్టినా ఆ విషం పోదన్నాను. ఎలా నింపి పంపాలో చెబితే వింటూనే ఇంటికి ఫోన్ కలిపింది. ఇది చదివేవారు కూడా గుర్తుంచుకోండి: పరీక్షకు పంపాల్సింది మీరు తాగాలనుకునే నీళ్లు కాదు, పశువు మూతి పెట్టిన నీళ్లు.

సికింద్రాబాద్‌లో దిగేసరికి చీకటి పడుతోంది. ఒళ్లంతా పులిసిపోయింది, ఇంటికి ఆటో మాట్లాడుతున్నాను. సాయిలు ఫోన్.

"మేడం, లింగమ్మ కట్టె వట్టుకొని కుంట కట్ట మీద కూసున్నది. ఎవరి గొర్లొచ్చినా మర్లగొడుతున్నది. బువ్వకు రమ్మంటే వస్తలేదు. నా చెయ్యి చేసింది నా చెయ్యే ఆపాలె అంటున్నది. పరీక్షల ఏమొచ్చిందో మీరు ఫోన్ చేసి చెప్పేదాక లేవదంట."

ల్యాబ్‌లో రాత్రి పని చేసే స్నేహితురాలికి ఫోన్ చేసి తలుపు తీసి ఉంచమన్నాను. ఆటో అతనికి ఇంటి అడ్రసు బదులు ల్యాబ్ అడ్రసు చెప్పి, పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.