ఏడు దగ్గర ఆగిన దుర్గ మార్కులు

మార్కుల ఎంట్రీ సాఫ్ట్‌వేర్ బాగుచేస్తామని, మా ఇబ్బందులేమిటో తెలుసుకోడానికి యూనివర్సిటీ వాళ్లు అమలాపురంలో మా కాలేజీకి వచ్చేరు.

"ఓసారి ఎంటర్ చేసి చూపించండి మాస్టారూ" అన్నారు.

ప్రాక్టీసుకి వేరే సైటు లేదు, చూపించడానికి ఉన్నది అసలు సైటే. ఫైనలియర్ దుర్గకి డెబ్భై రెండు కొట్టబోయాను. ఏడు పడగానే తెర బిగుసుకుపోయి, దానంతటదే సబ్మిట్ అయిపోయింది. ఇక దిద్దడానికి వీల్లేదు.

"ఆయ్, ఇలాంటివే కావాలండీ మాకు!" అని వాళ్ల పెద్దాయన సంబరంగా రాసుకున్నారు.

"మరి ఈ అమ్మాయి?"

"దిద్దే సదుపాయం కొత్త వెర్షన్‌లో పెడతామండీ."

దుర్గ గుమ్మంలోనే ఉంది. డిగ్రీ చూపిస్తే వచ్చే నెల ఉద్యోగం.

"పాసయ్యానా అండీ?"

"పాసయ్యావమ్మా. కంప్యూటర్‌కే ఇంకా తెలీదు."

ఎప్పుడూ నా జోకులకి నవ్వే పిల్ల, నవ్వలేదు.

మార్కులు సరయ్యేసరికి ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది. దుర్గ నవ్వని ఆ వేళ నాకేమనిపించిందంటారా? ఏమీ అనిపించలేదండీ. మరిచిపోలేనిది అదే.