స్వరూప కోడ్‌లో తప్పు లేదు

పదేళ్లు దాటింది, ఒక సున్నాను మోస్తున్నాను. నవ్వకండి. సున్నాకు బరువేమిటని నన్ను నేనే చాలాసార్లు దబాయించుకున్నాను. అయినా పొద్దున గడ్డం గీసుకుంటున్నప్పుడో, ఎవరైనా సభలో నా గురించి నాలుగు మంచి మాటలు చెబుతున్నప్పుడో అది వచ్చి గొంతులో కూర్చుంటుంది. నన్ను మంచివాడని ఎవరన్నా అంటే ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, నా మీదే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగొద్దు. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది.

మాది కోరుట్ల. అమ్మ బీడీలు చుట్టేది, నాన్న ఇతరుల పొలాల్లో కూలికి పోయేవాడు. నేను కంప్యూటర్ చదువు చదివి, జగిత్యాలలో ఒక జిరాక్స్ దుకాణం పైన గది తీసుకుని వెబ్‌సైట్లు చేసేవాణ్ణి. నాతోపాటు స్వరూప పనిచేసేది. సిరిసిల్ల అమ్మాయి. వాళ్ల ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా నడిచేవి. ఆ చప్పుడులో పెరిగింది కాబట్టేమో, మాట్లాడితే గట్టిగా మాట్లాడేది. పనిలో కూర్చుంటే పలకరించినా వినేది కాదు. నన్ను అన్నా అని పిలిచేది. నాకంటే రెండేళ్లు చిన్న, నాకంటే ఎంతో పనిమంతురాలు. ఈ రెండో సంగతి ఆమెతో ఒక్కసారి కూడా అనలేదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. పల్లెల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పట్నం చేరడమే గగనమైంది. అప్పుడు స్వరూప ఒక పని చేసింది. మల్లాపూర్, బుగ్గారం, మల్యాల వైపు ఊరూరా తిరిగి ఆటోలు, జీపులు ఉన్నవాళ్ల నంబర్లు పోగుచేసింది. ఆపదలో ఉన్నవాళ్లు ఊరి పేరు రాసి ఒక నంబరుకు మెసేజ్ పెడితే, ఆ మెసేజ్ ఆమె చేసిన సైటుకు చేరుతుంది. దగ్గర్లో ఖాళీగా ఉన్న డ్రైవరు నంబరు నిమిషంలో తిరిగి వస్తుంది. దానికి బండికబురు అని పేరు పెట్టింది. బంద్ అయినా, రాస్తారోకో అయినా రోగి ఉన్న బండిని మనవాళ్లు ఆపరు, ముందు నడిచి దారిస్తారు. ఆ నమ్మకం మీదే అదంతా నడిచింది.

నేను చేసింది వేరు. సంతకాల సైటు. రాష్ట్రం కావాలనేవాళ్లు అందులో పేరు, ఊరు రాస్తే పైన అంకె ఒకటి పెరుగుతుంది. అంతే. అయితే ఆ అంకెను చూసుకుంటే నాకెంత గర్వమో. అమ్మకు ఫోన్ చేసి రోజూ చెప్పేవాణ్ణి, ఈరోజు ఇంతమంది అని.

రెండు సైట్లూ ఒకే ఖాతా కింద, ఎక్కడో సముద్రాల అవతల అద్దె కంప్యూటర్లలో నడిచేవి. జగిత్యాలలో కరెంటు పోయినా వాటికి పట్టింపు లేదు. అక్కడ ఒక్కో సైటును ఒక్కో మూసిన డబ్బాలో పెడతారు. ఒక డబ్బాలో మంట పుట్టినా పక్కదానికి సెగ తగలదు. జనం ఎక్కువైతే అదే సైటుకు ఇంకో డబ్బా తెరుస్తాం, తగ్గితే మూసేస్తాం. ఎన్ని కావాలో ఒక అంకె రాస్తే చాలు. మా ఖాతాకు మొత్తం నాలుగే డబ్బాలు. రెండు ఆమెవి, రెండు నావి. ఆమె తన కోడ్ తాను మార్చుకోగలదు, డబ్బాల అంకె మార్చే ఖాతా పాస్‌వర్డ్ మాత్రం నా ఒక్కడి దగ్గరే ఉండేది. ఆమె ఒకసారి అడిగింది. చూద్దాంలే అన్నాను. ఎందుకలా అన్నాను? పెద్దరికం, ఇంకేముంది.

ఒకరోజు జగిత్యాలలో పెద్ద సభ పెట్టారు. వేదిక పక్కన తెల్లటి తెర కట్టి, దాని మీద నా సంతకాల అంకె చూపించాలని నిర్ణయించారు. నేను వేదిక వెనకాల ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. స్వరూప ఆరోజు సిరిసిల్లలో ఇంటి దగ్గర ఉంది. పదకొండు గంటలకు మైకులో పిలుపిచ్చారు, ఎక్కడెక్కడో ఉన్న మీవాళ్లందరికీ ఫోన్లు చేసి సంతకాలు పెట్టించండని. తాకిడి మొదలైంది. తెర మీద అంకె గబగబా పెరిగింది. పెరిగి పెరిగి, నా రెండు డబ్బాలు చాలక ఠక్కున ఆగిపోయింది.

మైదానం నిండా జనం. అందరి కళ్లూ ఆ తెర మీదే. ఒక నాయకుడు వేదిక దిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. అంకె కదలకపోతే అందరి పరువూ పోతుంది తమ్మీ అని మెల్లగా అన్నాడు. ఆయన గట్టిగా తిట్టినా బాగుండేది.

బండికబురు నుంచి ఒక డబ్బా తీసి నా సైటుకు వేశాను. నాకు మూడు, ఆమెకు ఒకటి. అంకె కాస్త కదిలి మళ్లీ నిలిచిపోయింది. నాయకుడి చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. ఆమెకు మిగిలిన ఆ ఒక్క డబ్బా తీసేస్తే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. ఎవరు మెసేజ్ పెట్టినా వినే దిక్కుండదని, ఈ జిల్లాలో ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు. పది నిమిషాలే కదా అనుకున్నాను. పది నిమిషాల్లో ఎవరికేమవుతుంది అనుకున్నాను. బండికబురు ఎదుట సున్నా అని రాశాను.

అంకె పరుగెత్తింది. మైదానం హోరెత్తింది. నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు.

పది నిమిషాల తర్వాత వెనక్కి ఇచ్చి ఉంటే, దీన్ని మీకు చెప్పేవాణ్ణే కాదేమో. నేను మర్చిపోయాను. శాలువాతో ఫోటోలు దిగాను. నలుగురూ వచ్చి వీపు తట్టారు. డేరా కింద బగారా అన్నం పెడితే రెండోసారి అడిగి వడ్డించుకుని తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తి ఆమె డబ్బాలు రెండూ ఆమెకు వేశాను. అప్పటికి మూడు గంటలు గడిచిపోయాయి.

ఆ మూడు గంటల్లోనే బుగ్గారంలో ఒక మనిషిని పాము కరిచింది. కూలి మనిషి, పొలం గట్టు మీద గడ్డి కోస్తున్నాడు. అంబులెన్సు ఇంకో ఊరికి పోయిందన్నారట. కిందటి వారమే వాళ్ల వాడకట్టులో ఒకరికి బండికబురు నిమిషంలో బండి పంపింది. అందుకని ఆయన భార్య మెసేజ్ పెట్టించింది. జవాబు రాలేదు. మళ్లీ పెట్టించింది. మొత్తం నాలుగుసార్లు. వస్తుంది, వస్తుంది అని కూర్చున్నారు. చివరికి మోటార్ సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని బయలుదేరారు. జగిత్యాల చేరకముందే దారిలో ప్రాణం పోయింది. మా జాబితాలో ఉన్న జీపు ఒకటి ఆ పూటంతా పక్క ఊళ్లో చెట్టు కింద ఖాళీగా నిలబడి ఉంది.

సంగతి తెలిసి మర్నాడు స్వరూప సిరిసిల్ల నుంచి వచ్చింది, వాళ్ల అన్న బండి మీద దింపి పోయాడు. వచ్చి కూర్చోలేదు. ఆమె అన్న మాటలు, నేనన్న మాటలు ఇప్పటికీ ఒక్క అక్షరం పోలేదు.

"అన్నా, నిజం చెప్పు. నా కోడ్‌లనే తప్పున్నదా?"

"నీ దాంట్లనే ఉన్నది. మొన్న పొద్దుమీకి ఏదో మార్చినవ్ గదా, దానితోనే పడిపోయింది. నేనే చూసి మళ్ల లేపిన."

"రెండు ఊర్ల పేర్లే గదా కలిపిన. నీ సభకు గంతమంది వచ్చిండ్రని, దాంతోటి నాది ఆగిందేమో అనుకున్న."

"రెండూ వేర్వేరు డబ్బాలు, స్వరూపా. ఒకదాని బరువు ఇంకోదాని మీద పడదు. నీకు తెల్వదా?"

స్వరూప గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.

"తెలుసు," అంది. "అయితే గా మనిషిని నేనే సంపిన."

నేను కాదనలేదు.

చూశారా, నేను చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది. డబ్బాలు నిజంగానే వేర్వేరు. నా సైటు జనం ఆమె సైటును తాకలేదు. రెండిటినీ ముట్టుకోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ నిజాన్నే అడ్డం పెట్టుకుని అబద్ధం ఆడాను. ఉత్త అబద్ధమైతే ఆమె పట్టేసేది, అంత తెలివైనది. ఆమెకు తెలిసిన విద్యతోనే ఆమె నోరు మూయించాను.

ఇంకా ఉంది. ఆమె బుగ్గారం పోతానంది. ఆ ఇల్లు తనకు తెలియదు, నువ్వు తీసుకుపో అంది. నా బండి మీద ఎక్కించుకుని తీసుకుపోయాను! స్వరూప లోపలికి పోయి, చనిపోయినాయన భార్య, ఆ పెద్దామె కాళ్ల దగ్గర కూర్చుని, తప్పు నాదే అని చెప్పింది. నేను వాకిలి బయట బండి దగ్గర నిలబడ్డాను. ప్లగ్గు విప్పి, బాగానే ఉన్నదాన్ని రుమాలుతో తుడుస్తూ నటించాను. ఆ పెద్దామె తిట్టలేదట. ఇప్పుడది పనిచేస్తుందా, ఇంకెవరికీ ఇట్లా కావద్దు అని అడిగిందట. స్వరూపకు మంచినీళ్లిచ్చి పంపింది. తిరుగు దారిలో ఆమె ఏడుపు నా వీపు వెనక వినబడుతూనే ఉంది. బండి ఆపడానికి ఎన్ని చోట్లున్నాయి ఆ దారిలో! ఒక్కచోటా ఆపలేదు.

ఆ వారమే ఆమె బండికబురు మూసేసింది. కంప్యూటర్ మళ్లీ ముట్టలేదు. సిరిసిల్లలో వాళ్ల అన్న షెడ్డులో నూలు కండెలు చుడుతూ ఉండిపోయింది. ఆ పని తక్కువదని అనను, వాళ్ల అమ్మా అదే చేసింది. ఆమెకు చేతనైన ఇంకో పనిని ఆమె చేతుల్లోంచి లాక్కున్నది నేను. రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి జగిత్యాలంతా రంగులు చల్లుకుంది, నేనూ చల్లుకున్నాను. తెర మీద అంకెను పరుగెత్తించినవాడని నన్ను ఇప్పటికీ బడులకు పిలిచి మాట్లాడిస్తారు. ఆ అంకెతో రాష్ట్రం వచ్చిందా? వెధవ అంకె. అది ఆగిపోయినా రాష్ట్రం వచ్చేదే.

ఆ జీపు సమయానికి పోయి ఉంటే ఆయన బతికేవాడా? తెలియదు. ఈ తెలియదు అనే మాట వెనక కూడా చాలా ఏళ్లు దాక్కున్నాను.

మొన్న కొండగట్టు గుడి మెట్ల మీద స్వరూప కనిపించింది. పక్కన వాళ్ల అన్న బిడ్డ, ఇంటర్ పూర్తయిందట. కంప్యూటర్ చదువుతానని ఆ అమ్మాయి పట్టుబట్టింది. స్వరూప వద్దంటోంది. నన్ను చూడగానే, మా పిల్లకు నువ్వన్నా చెప్పన్నా, ఈ పనిలో మన చేతి తప్పుకు ఎవరిదో ప్రాణం పోతుందని చెప్పు, నీకంతా తెలుసు కదా అంది. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను తలూపాను. మళ్లీ తలూపాను! అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

డబ్బాల సంఖ్య మార్చినప్పుడల్లా ఆ అద్దె కంప్యూటర్ల కంపెనీ ఖాతాదారుకు ఒక మెయిల్ పంపుతుంది. ఆరోజుది నా దగ్గర ఉంది. ఎందుకు చెరపలేదో నాకే తెలియదు. బండికబురు, ఒకటి నుంచి సున్నాకు, మార్చినవారు అని నా పేరు, కింద సమయం. దాన్ని కింది జిరాక్స్ దుకాణంలో ప్రింట్ తీయించుకుని నిన్న సిరిసిల్ల పోయాను.

సాంచాల చప్పుడులో నా మాట వినబడలేదు. కాగితం స్వరూప చేతికిచ్చాను. నిలబడే రెండుసార్లు చదివింది. అన్న బిడ్డను పిలిచి ఆమెకిచ్చింది. ఆ పిల్ల చదివి నా వైపు చూసిన చూపును ఇక్కడ రాయలేను. కూర్చోమని ఎవరూ అనలేదు. క్షమించమని నేనూ అడగలేదు, ఏ మొహంతో అడగను? స్వరూప నా చెవి దగ్గరికి వచ్చి, బుగ్గారంల ఆమెకు చెప్పినవా అని ఒక్కటే అడిగింది. లేదన్నాను. లోపలికి వెళ్లిపోయింది.

గొంతులోది దిగిపోయిందని చెప్పను. కానీ నిన్నటి నుంచి దానికొక పేరుంది, నా పేరు. అంతమేరకు ఊపిరి ఆడుతోంది.

రేపు పొద్దున బుగ్గారం పోతున్నాను. ఈసారి బండి దగ్గర నిలబడను.