స్విచ్‌లో మా సార్ పేరు

సార్ పోయారన్న కబురు ఆఫీసు గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. గుండెనొప్పి, తెల్లవారుజామున, ఆసుపత్రికి చేరేలోపే, అని రాశారు. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. వాటి మధ్యలోనే మేనేజర్ నన్ను ఉద్దేశించి ఒక వాక్యం రాశారు: ఆయన లాగిన్ ఈ రోజే తీసేయండి.

అందులో తప్పేమీ లేదు. సార్ నేర్పిన పద్ధతే అది. అయినా వచ్చిన బస్సు ఎక్కకుండా నిలబడిపోయాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది నాచారంలో మందులు తయారుచేసే ఒక కంపెనీ. అక్కడి కంప్యూటర్లు, తూకం యంత్రాలు, ప్యాకింగ్ యంత్రాలు, అన్నిటి తీగలూ వచ్చి కలిసే పెట్టెల్ని స్విచ్‌లంటాం. వాటిలోకి ఎవరు వెళ్ళొచ్చు, వెళ్ళాక ఏది మార్చొచ్చు, ఏది చూసి ఊరుకోవాలి, ఇవి నిర్ణయించే పని సార్‌ది. పాత ఉప్పల్ మనిషి. వాళ్ళ నాన్న వరి పండించిన చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి.

ఆయన దగ్గర పనికి చేరిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. భోజనాల వేళ పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని. ఒకరోజు సార్ టిఫిన్ డబ్బాతో వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"మీ కాన్వెంట్ల తెలుగు మాట్లాడితే ఫైన్ ఏసేటోళ్ళట గదా బిడ్డా? ఈడ ఏస్తలేరు. మాట్లాడు."

నేను నవ్వి ఊరుకున్నాను.

"నోటికి గూడ పాస్‌వర్డ్ పెట్టుకున్నవా ఏంది?" అని చింతకాయ తొక్కు నా వైపు జరిపారు.

ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే సార్ గోడ వైపు తిరిగి, అయిందనేదాకా అట్లాగే నిలబడేవారు. ఒకసారి ఎలక్ట్రీషియన్ ఎగతాళి చేశాడు: "ఏందన్నా, దాగుడుమూతలా?" సార్ తిరగకుండానే జవాబిచ్చారు: "నువ్వు బట్టలు మార్సుకుంటుంటే నేను సూడాల్నారా? ఇది గూడ గంతే."

ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్ళ పేరు స్విచ్‌లలోంచి తీసేయాలి. చాలాచోట్ల ఆ పని వాళ్ళు వెళ్ళిపోయాక, గుర్తొచ్చినప్పుడు చేస్తారు. సార్ మాత్రం ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, చాయ్ తెప్పించి, వాళ్ళ కళ్ళముందే తీసేవారు. "రేపు ఏదన్న ఖరాబైతే నీ మీదికి రావొద్దు. నువ్వే సూస్కో, నీ పేరు లేదు ఇగ," అనేవారు. ఆ చాయ్ తాగుతూ కళ్ళు తుడుచుకున్నవాళ్ళను చూశాను.

"స్విచ్‌కు మొకం తెల్వది బిడ్డా, పేరే తెలుస్తది," అని నాకు మొదటిరోజే చెప్పారు. "నీ పేరు మీద ఎవడు లోపలికి పోయినా, నువ్వు పోయినట్టే రాసుకుంటది."

అట్లాంటి మనిషి తన పాస్‌వర్డ్ ఒకే ఒక్కసారి వేరేవాళ్ళకు ఇచ్చారు. నాకు.

అప్పటిదాకా ఏ స్విచ్ పేర్ల జాబితా ఆ స్విచ్‌లోనే ఉండేది. దాన్ని మార్చి, ఎవరు వచ్చినా సర్వర్ అనే ఒక పెద్ద కంప్యూటర్‌ను అడిగి లోపలికి రానిచ్చేట్టు చేస్తున్నాం. ప్యాకింగ్ హాలు స్విచ్ ఒక్కటే మిగిలింది, అదీ ఆ పూటే అయిపోవాలి. ఆ రోజు సార్‌కు గుండె పరీక్ష ఉంది. మేనేజర్ సెలవులో ఉన్నారు. నా లాగిన్‌కేమో చూడటానికే తప్ప మార్చడానికి అధికారం లేదు. గంటలో వస్తానని బయల్దేరుతూ, సార్ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి వచ్చారు.

"నా దాంతోని జెయ్. ఫికర్ వద్దు, నీకు వస్తది. సర్వర్ పలకనప్పుడు అక్కరకొచ్చేటట్టు స్విచ్ల ఒక్క పేరు ఉంచు. ఇంకోటి, కంప్యూటర్ మీద ఉన్న కిటికీ మూసే ముందల ఇంకోటి తెరిసి, లోపలికి పోవస్తున్నదా లేదా సూడు."

సర్వర్ చిరునామాలో నేను ఒక అంకె తప్పు కొట్టాను. పాత పేర్లన్నీ తీసేశాను, ఒక్కటి కూడా ఉంచలేదు. మార్పులు భద్రపరిచి, పని అయిపోయిందన్న సంతోషంలో కిటికీ మూసేశాను. ఇక ఎవరూ లోపలికి వెళ్ళలేకపోయారు. సార్ వచ్చి, స్విచ్‌ను ఆపి, మొదటినుంచి సరిచేయాల్సి వచ్చింది. సాయంత్రం దాకా ప్యాకింగ్ ఆగిపోయింది.

మర్నాడు మేనేజర్ మా సార్ ముందు ఒక కాగితం పెట్టారు. ఏ వేళకు ఎవరు లోపలికి వెళ్ళారో, ఏం మార్చారో స్విచ్ రాసుకున్న జాబితా. ప్రతి వరసలోనూ సార్ పేరే.

"నా పేరే ఉన్నది గదా సార్. తప్పు నాదే," అన్నారు మా సార్.

నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

బయటికొచ్చాక "సార్, నేను..." అన్నాను. "నీ నౌకరి ఇంకా పక్కా గాలే. ఊకో. పాస్‌వర్డ్ ఇచ్చుడు గూడ తప్పే గదా," అన్నారు.

ఆయన్ను ఆ పని నుంచి తప్పించి వెనక షెడ్డులోని స్టోర్‌కు పంపారు. ఆరు నెలలు అక్కడ తీగల చుట్టలకు చీటీలు కట్టారు. సర్వర్ పలకనప్పుడు అక్కరకొస్తుందని ప్యాకింగ్ హాలు స్విచ్‌లో ఉంచిన ఆయన పేరు మాత్రం ఎవరూ తీయలేదు. నేను కనిపిస్తే "తిన్నవా?" అని అడిగేవారు. ఈలోగా నా ఉద్యోగం ఖాయమైంది. అయ్యాక కూడా నేను చెప్పలేదు. చదువుతున్న మీరు కారణం అడిగితే నా దగ్గర లేదు. ప్రతి సోమవారం చెప్పాలనుకునేదాన్ని.

ఆయన పోయిన రోజు స్విచ్ తెరిచి, ఆ పేరు ముందు కూర్చున్నాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. లేచి మేనేజర్ గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పేశాను. ఆయన చేతిలోని ఫైలు మూశారు. "ఇప్పుడు చెప్పి ఏం లాభమమ్మా? వెళ్ళి ఆ లాగిన్ తీసెయ్," అన్నారు. వచ్చి తీసేశాను.

పదకొండో రోజున ఉప్పల్‌లో సార్ వాళ్ళింటికి వెళ్ళాను. సార్ భార్య నన్ను గుర్తుపట్టారు. "కాన్వెంట్ పిల్లవు నువ్వే గదా?" అన్నారు. నేను కుర్చీలో కూర్చోకుండానే మొత్తం చెప్పాను.

ఆమె ఏడవలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నారు.

"స్టోర్ల ఏసినప్పటి సంది నేనే సతాయించిన ఆయనను," అన్నారు చివరికి. "ఇన్నేండ్ల నౌకరిల గిదేం పనయ్యా, నలుగుట్ల ఇజ్జత్ తీస్తివి అని. అన్నం కాడ గూడ అన్న. నవ్వి ఊకునేటోడు." వేలికి చుట్టిన కొంగు విప్పారు. "గీ ముచ్చట ఆయన ఉన్నప్పుడు జెప్పకపోతివి బిడ్డా."

నేను వెళ్ళొస్తానన్నాను.

"యాడికి? కూసో," అని, సార్ అన్నగారిని పిలిచారు. "బావా, జర ఇటు రా. గీ పిల్ల ఏందో చెప్తది, ఇను." నా వైపు తిరిగారు. "నాకు జెప్తే ఏమొస్తది? వీళ్ళంత ఆయనదే తప్పనుకున్నరు. వీళ్ళకు జెప్పు."

చెప్పాను. పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. తర్వాత పక్కింటావిడ వచ్చింది. ఆమెకూ చెప్పాను. మధ్యలో ఒక ముక్క దాటేస్తే సార్ భార్య నీళ్ళ గ్లాసు ఇచ్చారు. నేను తాగేదాకా ఆగి, "మొదటికెళ్లి జెప్పు," అన్నారు.

గేటు చప్పుడైంది. దమ్మాయిగూడ నుంచి సార్ చెల్లెలి కుటుంబం వచ్చింది. వాళ్ళింకా మెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్నారు. సార్ భార్య నా వైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను.