రూబీ కాలరు

రేపల్లె బజార్లో జకరయ్య కుట్టే గౌన్లకు ఒక కాలరు ఉండేది. మెడ చుట్టూ నిటారుగా నిలబడి, ముందు రెండు గుండీలతో బిగుసుకునేది. "అన్నయ్యా, మా పిల్లకీ ఆ రూబీ కాలరే పెట్టు," అని అడిగి మరీ కుట్టించుకునేవాళ్ళు. అది ఫ్యాషను కోసం పుట్టింది కాదని జకరయ్యకూ, ఆయన భార్య కరుణకూ తప్ప ఎవరికీ తెలియదు.

రూబీ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పుట్టుకతోనే ఆమె మెడకు కుడివైపు, కింది భాగంలో, సూది గుచ్చినంత చిల్లు ఉంది. పాలు తాగినప్పుడల్లా అందులోంచి జిగురు నీటిచుక్క ఊరేది. బాప్తిస్మం నాడు చర్చిలో ఒకావిడ చూసి, "అయ్యో, ఆడపిల్లకి ఇదేంటమ్మా" అంది. ఆ మాట జకరయ్య మనసులో ఉండిపోయింది.

ఆయన బాపట్లలో రామలింగం మేస్త్రి దగ్గర పని నేర్చినవాడు. మనిషి ఒంట్లో వంకర బట్టలో కనబడకూడదని మేస్త్రి నేర్పాడు. ఒక భుజం జారినవాళ్ళకు లోపల దూది పెట్టి చొక్కా తిన్నగా నిలబెట్టేవాడు జకరయ్య. ఆ విద్యనే కూతురి మెడ మీద చూపించాడు. కాలరు నిలబడేందుకు లోపల బక్రం అనే గట్టి గుడ్డ, మెడకు తగిలేవైపు తడి పీల్చడానికి మడతలు పెట్టిన మెత్తటి గుడ్డ. పిల్ల ఎదిగేకొద్దీ కాలరూ ఎదిగింది.

రూబీ నాలుగో తరగతికి వచ్చిన ఏడాది, క్రిస్మస్‌కు కొన్ని వారాల ముందు, మెడ ఎర్రగా వాచి జ్వరం వచ్చింది. తెనాలిలో పిల్లలకు ఆపరేషన్లు చేసే డాక్టరు వీణ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ కాలరు విప్పి చూసింది.

"లోపల ఈ గుడ్డ ఎవరు పెట్టారండి?"

"నేనేనమ్మా. తడి కనబడకుండా."

"రావాల్సిన తడి అది. గట్టిగా నొక్కేస్తే లోపలే నిలవుండి చీము పట్టింది."

తల్లి కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు మూసుకుపోవాల్సిన సన్నటి దారి ఒకటి రూబీకి మూసుకోలేదని, అది మెడలోంచి పైకి గొంతు దాకా పోతుందని కాగితం మీద గీసి చూపించింది.

"ఇప్పుడే తీసెయ్యరాదామ్మా?" అంది కరుణ.

"చీము ఉండగా కోస్తే దారి ఆనవాలు దొరకదు. పక్కనే పెద్ద రక్తనాళాలు, నరాలు. ముక్క మిగిలిందా, మళ్ళీ మొదటికొస్తుంది. ముందు మందులతో వాపు పూర్తిగా తగ్గాలి. అప్పటిదాకా మెడ మీద నూలుపోగు కూడా వద్దు. మళ్ళీ చీము పట్టిందంటే ఆపరేషను ఇంకా కష్టమవుతుంది."

రేపల్లె రైల్లో పిల్ల నిద్రపోయాక కరుణ గొంతు తగ్గించి, "పండగ పూట ఒక్కరోజు చున్నీ కప్పుదామండీ," అంది. జకరయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కాలరు పిల్ల కోసమే కుట్టానని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. పిల్ల ఏనాడూ అడగలేదు. జాలిపడే కళ్ళను తట్టుకోలేనివాడు తనే.

"వద్దులే," అన్నాడు.

క్రిస్మస్‌కు గుండ్రటి మెడతో గౌను కుట్టాడు. ఆ మెడ కత్తిరిస్తుంటే, వేల గుడ్డలు కోసిన చెయ్యి రెండుసార్లు ఆగింది. ఆరాధన అయ్యాక అందరి చూపులూ పిల్ల మీదే. పక్కింటి సుశీల అడగనే అడిగింది.

"ఏంటే రూబీ, మెడ మీద అది?"

"చిల్లు అత్తా! పుట్టినప్పట్నుంచీ ఉంది. డాక్టరమ్మ తీసేస్తుందంట. మా నాన్న ఇంత టైలరయ్యుండీ కుట్టలేకపోయాడు."

ముందు నవ్వింది కరుణే. జకరయ్య తల వంచుకున్నాడు గానీ, నవ్వు ఆయనకూ ఆగలేదు.

మళ్ళీ చీము పట్టలేదు. ఎండలు ముదరకముందే ఆపరేషను జరిగింది. మెడ ముడతల వెంబడే రెండు చిన్న కోతలు పెట్టి, ఆ దారిని గొంతు దాకా విడదీసి మొత్తం తీసేశామని డాక్టరు చెప్పింది. జకరయ్య తలూపాడు కానీ, నమ్మకం కుదరలేదు.

గాయం మానిందో లేదో చూపించుకోవడానికి తెనాలి వెళ్ళినరోజు, ఆస్పత్రి ఎదురుగా హోటల్లో టిఫిన్‌కు కూర్చున్నారు. రూబీ ఇడ్లీ తుంచి సాంబార్లో ముంచింది. జకరయ్య తన ప్లేటు ముట్టుకోలేదు. పిల్ల మింగింది. మళ్ళీ మింగింది. గ్లాసెత్తి గటగటా నీళ్ళు తాగింది.

"ఏంటి నాన్నా, తినేది నోటితో అయితే నువ్వు మెడకేసి చూస్తావేంటి?"

జకరయ్య బొటనవేలితో ఆమె మెడ మీద కోత మానిన గీత కింద మెల్లగా తుడిచి చూసుకున్నాడు. వేలు పొడిగానే ఉంది.

"ఏం లేదమ్మా. తిను," అని తన ఇడ్లీ ఒకటి తీసి ఆమె ప్లేట్లో వేశాడు.