అందరి చేతికీ ఒకే పట్టీ

బీపీ వదినకి ఎదుటి మనిషిలో ముందు మొహం కాదు, చెయ్యి కనిపించేది. పలకరింపులు తర్వాత. సంచిలోంచి మిషను తీసి, జబ్బకి పట్టీ చుట్టేసి, "మాట్లాడకు! కాళ్లు నేలకానించు!" అనేది. కాలేజీలో శరీరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ మాట్లాడొద్దంటే ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఆవిడ మకాం మరదలు టైలరమ్మ కుట్టు దుకాణం. చొక్కా కొలతలకి వచ్చినవాడు భుజం, ఛాతీ, నడుముతో పాటు బీపీ కూడా ఇచ్చి వెళ్లాల్సిందే. పార్సిళ్లు తెచ్చే కొరియరాయనైతే గుమ్మం దగ్గరే చొక్కా చెయ్యి పైకి మడుచుకునేవాడు.

"వదినా, బేరాలు పోతాయి!" అని టైలరమ్మ మొత్తుకునేది.

"పోతే పోనీ. రక్తనాళాలు మిగుల్తాయి."

ఆడవాళ్లకి పాఠం అదనం. బల్లమీద ఎలాస్టిక్ లాగి చూపించేది. "నాళం ఇలా సాగాలి. ఒంట్లో ఈస్ట్రోజన్ ఉన్నన్నాళ్లూ నాళం లోపలి పొరని బుజ్జగించి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుట్టిస్తుంది. అది తగిలిందా, గోడలో కండరం హాయిగా సడలి దారి వెడల్పవుతుంది. ముట్లుడిగాక ఆ ఈస్ట్రోజన్ కాస్తా తగ్గిపోతుంది. అప్పుడు నాళాలు..." అంటూ పాత గౌనులోంచి పీకిన బిరుసు ఎలాస్టిక్ ఎత్తి చూపేది. గౌను వదులు చేయించుకోడానికొచ్చినావిడ బిక్కమొహం వేసుకుని చెయ్యి చాపేది.

ఇంతమందికి చుట్టిన పట్టీ టైలరమ్మకి మాత్రం చుట్టలేదు. ఆవిడకి ముట్లుడిగి రెండేళ్లు. పొద్దున్న లేస్తే తలనొప్పి. కిందటేడు వదిన ఒక్కసారి "ఆస్పత్రికి పదవే" అంటే ఒంటికాలి మీద లేచింది.

"మా అమ్మకి ఆ పట్టీ కట్టారు, వారం తిరక్కుండా మంచం పట్టింది. నా జోలికి రాకండి!"

ఆ తర్వాతే వదిన మిషను కొంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

టైలరమ్మ మొదట అమ్మయ్య అనుకుంది. రాన్రాను అదే గుచ్చుకోసాగింది. దారినపోయేవాళ్లందరి చేతులూ పట్టుకుంటుంది, సొంత తమ్ముడి పెళ్లాం చెయ్యి కంటికి ఆనదా? ఓనాడు కొరియరాయనకి ముందురోజే చూసి, వదిన మళ్లీ చూస్తుంటే ఆవిడకి ఒళ్లు మండింది. కుట్టు ఆపేసి లేచింది.

"నా చేతికేం తక్కువ?"

"నీకెందుకులే. భయపడతావు."

"ఎవరికి భయం? కట్టండి!"

అంకెలు చూసి వదిన పాఠం చెప్పలేదు. మర్నాడు దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రోజూ ఒక మాత్ర, కాస్త నడక, ఉప్పు తగ్గింపు. సరైన వేళకొచ్చారు, కంగారేం లేదన్నాడాయన.

తలనొప్పి పోయింది. మంచం పట్టలేదు సరికదా, టైలరమ్మ కూనిరాగాలు తీస్తూ కుట్టడం మొదలుపెట్టింది. ఒకరోజు కొరియరాయన అలవాటుగా చెయ్యి చాపాడు. వదిన పేపర్లోంచి తలెత్తలేదు.

"కనిపించినవాళ్లందరి బీపీ చూడ్డానికి నాకు పనీపాటా లేదనుకున్నావటయ్యా?"

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"అంటే... ఇంతమంది చేతులు పట్టుకున్నది నా ఒక్కదాని చెయ్యి కోసమా?"

"బతిమాలితే వినవు. రోషమొస్తే వింటావు."

టైలరమ్మకి వదిన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. దాంతోపాటే ఒక అనుమానమూ వచ్చింది.

"మరి మీది ఎవరు చూశారు వదినా?"

వదిన చెయ్యి చప్పున వీపు వెనక్కి వెళ్లింది. "నాదా? నాదెందుకే? పాఠం చెప్పినదాన్ని, నాకు..."

కొరియరాయన అప్పటికే పట్టీ అందుకున్నాడు.

"మాట్లాడకండి మేడం. కాళ్లు నేలకానించండి."