గగౌజ్ అతిథికి నేను చేయించిన ఉపవాసం

అదో వయసు. మలయ్ గడ్డ మీది జార్జ్ టౌన్‌లో, పన్నెండు గదుల హోటల్లో రిసెప్షన్ బల్ల వెనక కూర్చోగానే, మాట వింటే చాలు మనిషి మతమూ దేశమూ చెప్పేయగలనని నమ్మినవాణ్ణి. (చేతకానిది ఒక్కటే, మా మామ్మకి తెలుగులో జవాబివ్వడం. ఆవిడ మా ఊరు తెలుక్ ఇంటాన్ నుంచి ఫోన్ చేసి "తిన్నావేటిరా" అంటే సగం తమిళం, సగం ఇంగ్లీషు వడ్డించేవాణ్ణి. "తమిళం బజార్లో మాటాడతాను, మనవడితోటి కూడానా" అని మూడు నెలలుగా ఫోన్ చెయ్యడమే మానేసింది.)

రంజాన్ నెలలో ఒక నడివయసావిడ దిగింది. ఖాళీ చేసి వెళ్తున్న టర్కీ జంటతో గలగలా మాట్లాడింది. వాళ్లకి అర్థమైంది, నాకూ అర్థమైపోయింది: టర్కీ మాట, అంటే ముస్లిం, అంటే ఉపవాసం. మతం అడగడం అమర్యాద కదా. లోకప్పు మీద, నమాజుకి దిక్కు చూపే కిబ్లా బాణం ఉన్న గదిచ్చాను. మర్నాడు పొద్దున్న అందరికీ పలహారం పంపి, ఆవిడ గదికి మాత్రం "సాయంత్రం ఖర్జూరాలు" అని చీటీ పంపాను.

పదకొండింటికి ఆ చీటీ పట్టుకుని కిందికొచ్చింది. మెడలో శిలువ. "నేనేం తప్పు చేశాను?" అంది ఇంగ్లీషులో, మెల్లగా.

"మీరు టర్కీ..."

"కాదు బాబూ, గగౌజ్."

నోరు తిరగని పేరు. తరవాత చెప్పింది తల తిరిగే సంగతి. మాల్డోవా దక్షిణాన కొమ్రాట్ అనే పట్నం, చుట్టూ ఊళ్లు, సరిహద్దు దాటితే ఉక్రెయిన్‌లో మరికొన్ని. వాళ్ల మాట టర్కీకి దగ్గర చుట్టం, మొక్కు మాత్రం శిలువకి. ఇలాంటి జనం భూమ్మీద ఉన్నారని తెలియకుండానే ఇన్నాళ్లూ బతికానా అని నోరు తెరుచుకుని విన్నాను. (ఆకలితో ఉన్నది ఆవిడ.)

"మా అమ్మాయికి గగౌజ్ అర్థమవుతుంది, జవాబు రష్యన్‌లో ఇస్తుంది. రోజూ మా అమ్మకి ఫోన్ చేస్తాను. ఆవిడ పోతే ఈ భాష ఎవరితో మాట్లాడను? మీ ఇంట్లో ఏ భాష?"

"తెలుగు. అర్థమవుతుంది."

"మా అమ్మాయీ అచ్చం ఇలాగే అంటుంది."

రెండు పొట్లాల నాసి లెమాక్, మలయ్ కొబ్బరన్నం, తెచ్చి ఆవిడ ముందు పెట్టి, పక్కకెళ్లి ఫోన్ చేశాను.

"మామ్మా, నాను... అన్నం తిన్నాను."

"ఎవుల్రా నువ్వు? ఒంట్లో బాగులేదేటి?" అని, గొంతు సర్దుకుని, "ఏటి కూర?" అంది.

తెలుగులో కూడబలుక్కుని చెప్పడానికి అరగంట పట్టింది. నిజానికి నేనింకా తినలేదు.

మామ్మ ఇప్పుడు లేదు. ఇపో పట్నంలో చదువుకుంటున్న మా అమ్మాయికి ఫోన్ చేసి తిన్నావా అంటే "ఓకే లా" అని ఇక్కడి ఇంగ్లీషులో అంటుంది. నేను ఫోన్ పెట్టెయ్యను. గొంతు సర్దుకుని, "ఏటి కూర?" అంటాను.