దమ్ము మీద డ్రిల్లు సారు అనుమానాలు

మా డ్రిల్లు సారు పోయిన సోమవారం పొద్దున కన్నుమూశారు. నేను డ్యూటీకి బయలుదేరుతుంటే ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. యూనిఫాంలోనే హన్మకొండ వెళ్లాను. ఆయన దగ్గర పరుగు నేర్చి ఉద్యోగాలు తెచ్చుకున్న వాళ్లం పాతికమంది దాకా వాకిట్లో చేరాం.

బడి నుంచి రిటైరయ్యాక సారు పొద్దున్నే గ్రౌండుకు వచ్చి, కానిస్టేబుల్ పరీక్షకు మమ్మల్ని తయారుచేసేవారు. నేను స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మొదటి బస్సుకు వచ్చేదాన్ని. మేం పరిగెత్తాల్సింది రెండు రౌండ్లు. మొదటి రౌండులో అందరికన్నా ముందుండేదాన్ని, రెండోది సగమయ్యేసరికి కాళ్లు నావి కానట్టుండేవి. అప్పటికే ఒకసారి పరుగులో తప్పాను. మళ్లీ తప్పితే వయసు దాటిపోతుంది, ఇక ఆ ఉద్యోగం మాటే ఉండదు.

నోరు తెరిస్తే దమ్ము పోతుందని సారుకు గట్టి నమ్మకం. అందుకని ప్రతి ఒక్కరి నోట్లో గుక్కెడు నీళ్లు పోయించి పరిగెత్తించేవారు.

"మింగొద్దు, ఊంచొద్దు బిడ్డా. రెండు రౌండ్లయినంక నా ముంగటనే ఊంచాలె," అనేవారు.

ఒకరోజు రెండో రౌండులో ఆ నీళ్లతో నాకు పొలమారింది. దగ్గుతూ కూలబడిపోయాను. సారు పరుగున వచ్చి వీపు నిమిరారు. కంటి కింది రెప్ప లాగి చూశారు.

ఇంకొకరైతే నన్నే తిట్టేవారు. ఆయన మర్నాడు చంకలో సైన్సు పుస్తకం పెట్టుకుని వచ్చారు.

"ఇన్నేండ్లు మీ నోర్లు మూయిచ్చిన, తప్పు నాదే. గట్టిగ ఉరికేటప్పుడు ముక్కు ఒక్కటి సాలదు. నోరు గూడ తెరువుర్రి," అని అందరి ముందూ చెప్పి, నా వైపు తిరిగారు. "నీకు గాలికి కొదువ లేదు బిడ్డా. ఆ గాలిని కాళ్ల దాక మోసేది రక్తం. నీకు గదే తక్కువున్నట్టుంది. జర దవాఖానకు పో."

రక్తపరీక్షలో అదే తేలింది. మూడు నెలలు ఐరన్ గోలీలు మింగాను. సారు మాత్రం ఆ పుస్తకం వదల్లేదు.

"ఉరుకుడు ఆపినవ్, కూసున్నవ్. ఇంక దమ్మెందుకు ఆగుతలేదు?" అని అడిగేవారు. మేం తెల్లమొహం వేస్తే ఆయనకు సంబరం. కాళ్లు ఆగినా కండల లోపల పని ఆగదట, అవి కుదుటపడేదాకా ఆక్సిజన్ ఎక్కువే కావాలట. బస్సు వెళ్లిపోతున్నా వదిలేవారు కాదు. నిజం చెప్పాలంటే విసుగొచ్చేది. ఆ ఏడు పరీక్ష పరుగులో నోరు బార్లా తెరుచుకునే గీత దాటాను.

పోయిన నెల ఆయన్ను చూడ్డానికి దవాఖానకు వెళ్లాను. ఊపిరితిత్తులు చెడి ఆక్సిజన్ మాస్కుతో ఉన్నారు. లిఫ్టు కోసం ఆగకుండా నాలుగంతస్తులెక్కి రొప్పుతూ నిలబడ్డాను. సారు తన వేలికున్న క్లిప్పు తీసి నా వేలికి పెట్టారు. కోడలు వద్దంటున్నా వినలేదు. తొంభై ఎనిమిది చూపించింది.

"రక్తంల ఆక్సిజన్ నిండుగనే ఉన్నది. మరి గింత దమ్మెందుకొస్తాంది?" అన్నారు.

తెలియదన్నాను.

"తెల్సుకొని రా బిడ్డా."

తెలుసుకున్నాను. ఆదివారం వెళ్లి చెబుదామనుకుంటే బందోబస్తు పడింది. తెల్లారే ఫోనొచ్చింది.

సోమవారం ఆయన తల దగ్గర కూర్చుని, చెవి దగ్గరికి వంగి చెప్పాను. ఆక్సిజన్ తగ్గి కాదు సార్, కండలు విడిచే కార్బన్ డయాక్సైడును బయటికి తోయడానికే ఎక్కువగా ఊపిరికి ఆ తొందరంతా అని. దేవుడి పేరు చెబుతున్నాననుకుని చుట్టూ ఉన్నవాళ్లు చేతులు జోడించారు.